గట్క మీది పొర

సుత్తెతోని ఒకటి కొట్టి
బండకు చెవి ఆనిస్తడు సాయిలు.
ఖంగుమన్న కాడ వదిలి
మందంగ పలికిన కాడ సుద్దగీత గీస్తడు.
చింతపల్లి దాటినంక, దేవరకొండ తొవ్వల
సగం గుట్ట ఇట్లనే లారీలెక్కి పోయింది.

మొన్న సర్వే సారొకాయన వచ్చిండు.
పెళ్ల తీసి నాలుకతోని తడిపి
మెడల ఏలాడే అద్దంల చూసిండు.
నాకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్న.
"ఇది ఒకప్పుడు కరిగి పారిన రాయమ్మా,
రెండువందల యాభై కోట్ల ఏళ్ల కింద
లోపల్నే మెల్లగా చల్లారింది,
అందుకే గింజ ఇంత లావు."

సాయిలు ఉలి కింద పెట్టలే.
"బండ సంగతి సరే. భూమంతా కరిగిందా?"

సారు జెర ఆగిండు.
కరిగిందనేటోళ్లే ఎక్కువట.
అంతా ఒక్కసారేనా, మల్ల మల్లనా, ఎంత లోతు దాంక,
అక్కడ లొల్లి ఉందట.
"చూసిన రాయి ఒక్కటీ మిగల్లేదు,
దొరికినవన్నీ తర్వాత పుట్టినవే."

పొయ్యి మీద నా జొన్నగట్క కుతకుతమంటాంది.
దుమ్ముకు దుమ్ము అంటుకొని ఉండ అయిందట,
ఉండ మీద ఉండ పడ్డదట,
బియ్యం గాలిస్తె రాళ్లు అడుక్కు పోయినట్టు
ఇనుము బరువుకు నడిమికి దిగిందట.
పైన పొర కట్టిందట. పగిలిందట.
మల్ల కట్టిందట.
వినుకుంట వినుకుంట గంటె తిప్పుడు మరిచిన.
అడుగంటింది.

గప్పుడు సాయిలు అన్నడు,
"ఇగో, ఈ ఉలి ముట్టు సారూ."
సారు ముట్టి చటుక్కున చెయ్యి గుంజుకున్నడు.
"నా రెక్కల దెబ్బకే ఇంత కాలుతది.
మీదికెల్లి గుట్టలు గుట్టలే వచ్చి పడితె
కరగక ఏం జేస్తది?"

ఆ మాట సారు రాసుకున్నడో లేదో నేను చూడలే.
ఏళ్లు ఊదుకుంటుండె.

మాపటికి పలక నున్నగ లేచింది.
మా మామ అయితె కట్టెలు పేర్చి మంట పెట్టేటోడు,
బండ దాని తోలు అదే ఇడిచేది.
ఇప్పుడు మిషిన్లు.
రేపు దీన్ని హైద్రాబాదుల
ఎవరిదో గ్యాసుపొయ్యి కింద పరుస్తరు.

పోయేముందు అరచెయ్యి ఆనించి చూసిన.
పొద్దు గూకినా ఎచ్చగనే ఉంది.
ఎండదే అది.
ఎండదేనని నాకు తెల్వదా.
చెయ్యి మాత్రం తియ్యబుద్ధి కాలే.