పలకని మెట్టు

శ్రావణం వచ్చిందంటే
మా నరసాపురం మిషను హాల్లో పియానో
అలిగిన కొత్తల్లుడిలా బిగుసుకుపోతుంది.
కర్ర గాలిలోని తేమంతా తాగేస్తుంది.
మధ్యలో ‘ఫా’ ఒకసారి దిగిందా, మరి పైకి రాదు.
ట్యూనరు బెజవాడనించి రావాలి. వస్తానంటాడు.
వరద తగ్గాక అంటాడు.

ఈలోగా పాఠం ఆగదు.
మంగళవారం నాలుగున్నరకి కెజియా,
ఐదుంబావుకి పేరలింగం.
మెట్రోనోము స్ప్రింగు ఎప్పుడో పోయింది.
కిటికీ తెరిస్తే సఖినేటిపల్లి పంటు ఇంజను,
తాళానికి అదే దిక్కు.

కెజియా వేళ్లు నా దగ్గరకి రాకముందే చదువుకున్నాయి.
ఐదో ఏటనించి వాళ్లమ్మ పక్కన లేసు అల్లుతోంది.
మణికట్టు వదులుగా ఉంచమన్నాను, ఉంచింది.
బొటనవేలు మూడోవేలి కిందనించి దూర్చమన్నాను,
లేసు సూది దారాన్ని లాగినట్టు దూర్చింది.
తప్పు లేదు. వెతికినా లేదు.
విన్నాక నాకు మిగిలింది
గంజిపెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ వాసన.

పేరలింగం అలా కాదు.
వాడి తాత లాకుల దగ్గర లస్కరు.
వాడి చేతులు మెట్ల మీద పీతల్లా
అడ్డంగా నడుస్తాయి.
చిటికెనవేలు గాలిలో లేచి ఎవరినో పిలుస్తుంటుంది.
“నిమ్మకాయ పట్టుకున్నట్టు పెట్టరా” అన్నాను.
పై మంగళవారం జేబులో నిమ్మకాయతో వచ్చాడు.
ఆవేళే, వెళ్లిపోతూ వెళ్లిపోతూ
రెండు మెట్లు నొక్కి, చెవి వాల్చి,
“టీచరండీ, ఇది అడుగుతోంది. ఇది చెబుతోంది” అన్నాడు.
నాకు ఆ సంగతి తెలియడానికి
రెండు పరీక్షలూ ఒక డిప్లొమా పట్టింది.

కానీ, పెంచరా అంటే గుద్దుతాడు.
“లాకు తలుపులు మూశాక
పడవని ఎవరన్నా పైకెత్తేవారేంట్రా?”
“లేదండీ. నీళ్లే ఎక్కేవంట.”
ఇప్పుడా కాలవలో పడవలు లేవు, గుర్రపుడెక్కే.
అయినా వాడు కళ్లు మూసుకున్నాడు,
నాలుక పళ్లమధ్య పెట్టుకుని
కుడివైపు, బాగున్న మెట్లమీద, ఎక్కడం మొదలెట్టాడు.
ఆరింటిదాకా నీళ్లే.
ఏడోదాన్ని గుద్దాడు.

దీవెనమ్మగారు కూతురికోసం వచ్చి
వెనకబల్ల మీద కూర్చుంటారు,
ఒళ్లో సగం అల్లిన టేబులుగుడ్డ.
“లేసు బావుందో లేదో ఎలా చూస్తారండీ?” అనడిగాను.
సూది ఆపకుండానే అన్నారు:
“కొత్తోళ్లు దారం చూస్తారండి. ఏజెంటూ దారమే చూస్తాడు.
మేం కన్నం చూస్తామండి.
బిగిస్తే ముడుచుకుపోద్ది, వదిలేస్తే జల్లెడైపోద్ది.
కన్నానికి ఊపిరాడాలండి.”

కెజియా మాత్రం పలకని ‘ఫా’ని
గుంట దాటినట్టు గబుక్కున దాటేస్తోంది.
“దాటకమ్మా. అక్కడ నువ్వు పాడు” అన్నాను.
సిగ్గుపడింది. అమ్మ వైపు చూసింది.
మీ, వేలు. తర్వాత
భుజాలు కొంచెం లేచాయి, గాలి లోపలికి పోయింది,
సన్నటి గొంతు, కాస్త కిందికి జారిన ‘ఫా’.
మళ్లీ వేలు, సో.
పంటు హారను వేసింది. ఎవరం కదల్లేదు.
గంజి వాసన పోయింది.

కార్తీకంలో ట్యూనరొచ్చాడు.
గరుకుకాగితంతో పది నిమిషాల పని,
పదిహేనువందలు, టీ విడిగా.
లోపలనించి ఎలక పేర్చుకున్న కీర్తనలపుస్తకం ముక్కలు తీశాడు.
ఇప్పుడు ‘ఫా’ అందరిలాగే పలుకుతోంది.

“పాతదే బావుందండీ” అన్నాడు పేరలింగం,
ఇంకా పీతచేతులతోనే.
వాడి నిమ్మకాయ పియానో మీద ఎండి
గోలీకాయంత అయింది, నేనే పారెయ్యలేదు.

కెజియా వాయించింది.
‘ఫా’కి ముందు భుజాలు లేచాయి.
నేను చూశాను. ఏమీ అనలేదు,
అంటే దానికి తెలిసిపోతుంది.
తెలిస్తే చక్కగా చెయ్యడం మొదలుపెడుతుంది.

పై వారంనించి ఎడమచెయ్యి.