తొమ్మిదో సీసా

వాన మొదలైతే
ముప్ఫై ఖాళీ సీసాలు గోనెసంచిలో వేసుకుని
నెత్తిన రేకుముక్క పెట్టుకుని
వాగులోని కొలబద్ద దాకా పరుగు నాది.
పది నిమిషాలకొకటి ముంచాలి,
మూత బిగించాలి, నంబరు వేయాలి, వేళ రాయాలి.
బాహిర్‌దార్ ఆఫీసు ఇందుకు నెలకింతని ఇస్తుంది.
బార్లీ అమ్మినా అంత రాదు, అబద్ధమెందుకు.

జూలై నీళ్ళు నీళ్ళు కావు.
టెఫ్ గింజ ఆవగింజ పక్కన నలుసు.
దానికోసం చేను ఐదుసార్లు దున్ని
ఎడ్లతో, గాడిదతో, పిల్లల కాళ్ళతో తొక్కించి
పిండి చేస్తాం.
మొలక వేరు పట్టకముందే వాన దిగి
ఆ పిండంతా ఎత్తుకుపోతుంది.

మొదటి సీసా పాలు పోయని కాఫీ.
నాలుగోది ఎరుపు, అది దెసాలెవ్ వాలు;
అక్కడి గండిలో మొన్న దూడ పడి చచ్చింది.
తొమ్మిదోది నలుపు.
దాన్ని పట్టుకుని నేను కాసేపు నంబరు వేయలేదు.
మా మూడో గట్టు రాళ్ళు పీకి
మా ఆయన కొట్టానికి గోడ కట్టాడే,
ఆ గట్టు కింది మట్టి.
నాకు తెలీదా,
వేళ్ళమధ్య సబ్బులా జారుతుంది.

పచ్చ అట్ట భూమి పుస్తకం మాకూ ఉంది.
ఫొటో ఉంది, ముద్ర ఉంది,
తూర్పున దెసాలెవ్, పడమర చర్చి భూమి,
పొడవు, వెడల్పు.
లోతు రాయలేదు.
పుస్తకం ప్రకారం మాకేమీ పోలేదు.

నోట్లో మట్టి కొట్టినవాడుంటే తిట్టుకోవచ్చు.
మట్టే లేచిపోతే ఎవర్ని తిట్టను?
అబాయ్ నదిలో పడి, ఎడారి దాటి
ఎక్కడో ఆనకట్ట ముందు కూలబడుతుందట.
అడ్డమని దాన్ని యంత్రాలతో తోడి పోస్తారట.
అడ్డమట!

ఆ రాత్రి తొమ్మిదో సీసా ఇంటికి తెచ్చాను.
తెల్లారేసరికి పైన తేట,
అడుగున వేలి మందం ఒండ్రు.
తేట వంచేసి
ఒండ్రు ఉల్లిమడిలో పోసి అరచేత్తో అదిమాను.
పిడికెడు కూడా కాదు.

ఇంజనీరు కుర్రాడు సీసాలు వరసపెట్టి
ఎనిమిది తర్వాత పది చూసి తలెత్తాడు.
"అయెనాడిస్ అక్కా, తొమ్మిదేదీ?"
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది.
చెయ్యి జారిందన్నాను.
పుస్తకంలో ఒక గీత గీసుకున్నాడు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది.
కొట్టం గోడ పైవరస రాళ్ళు ఒక్కొక్కటే దించుతున్నాను.
మా ఆయన ఏమంటాడో సాయంత్రం చూద్దాం.
గోడ తగ్గినచోట
గాడిద మొహం బయటికి పెట్టి
ఎన్ని మోస్తానో లెక్కపెడుతున్నట్టు
నన్నే చూస్తోంది.