సెమిలిగుడ దాకా

ఇరవై రెండేళ్లు రాయగడ బస్టాండులో
నోటితో బస్సులు నడిపాను.
"లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ, కోరాపుట్,
సునాబెడ, సెమిలిగుడా..."
ఆ చివరి దీర్ఘం
బస్సు మలుపు తిరిగేదాకా గాలిలో వేలాడేది.
ఆ పేర్లలో ఒక్కదాని దగ్గరా నేను దిగలేదు.

ఈ చైత్రంలో కుముదిని అంది:
"నువ్వు అరిసిన ఊళ్లయినా సూపించవా?"
జాకెట్లు కుట్టిన డబ్బు బియ్యం డబ్బాలోంచి తీసి
నా చొక్కా జేబులో కుక్కింది.
కరెంటు బిల్లు వెనక జాబితా రాసింది:
దేవమాలి కొండ.
దుడుమ జలపాతం.
కోరాపుట్ జగన్నాథుడు.
అడుగున, కాస్త చిన్నక్షరాల్లో,
ఒక టీ, నేను కాయనిది.

కాకిరిగుమ్మ దాటామో లేదో వాన.
మామిడి పిందెల్ని గిల్లడానికొచ్చే
అకాలపు వాన.
లాడ్జి కిటికీ కింద బకెట్టు పెట్టారు,
రాత్రంతా అది మాతో మాట్లాడుతూనే ఉంది.
పొద్దున ఆటో దైతారి తల గోక్కున్నాడు:
"పైన మబ్బే బాబూ, కింద కూడా మబ్బే.
ఊరికే ఎందుకు డబ్బులు?"
"మబ్బునే సూస్తాం, పోనీ" అంది తను.

సిల్వర్ ఓక్ చెట్లు నడుం దాకానే ఉన్నాయి.
మేక ఒకటి
ముందు గంటై, తర్వాత కొమ్ములై,
చివరికి మేకై మమ్మల్ని దాటిపోయింది.
ఆటో ఆగింది. దిగాం. తెల్లగా ఉంది.
"ఏదీ కొండ?"
"ఇదే. దీని మీదే ఉన్నాం."
చెప్పులతో రెండుసార్లు నేలను తట్టి చూసింది.
"నిలబడ్డ సోటు కనబడదు కదేటి" అంది.
దేని గురించి అందో
నేను అడగలేదు.

దిగుతుంటే వాన బలిసింది.
మలుపులో, రోడ్డు వారనే,
టార్పాలిన్ మీద ఆరబోసిన ఇప్పపూలు,
వాటి మీద బోర్లా పడుకున్నంత పని చేస్తూ
ఒక ముసలామె.
ఒంటితో ఎంత వానని ఆపగలదు?
కుముదిని ఆటో ఆగకముందే దూకింది.

నాది బస్సుల ఒడియా:
ఎక్కు, దిగు, ముందుకు జరుగు.
తనది మార్కెట్ ఒడియా, ఇంకాస్త లోతు.
ముసలామెది ఈ రెండూ కాని కొండ మాట.
అయినా "జల్ది జల్ది" అందరికీ అర్థమైంది.
దైతారి సీటు కింది గోనె తీశాడు.
నేను నా తువ్వాలు పరిచాను.
తను పైట చెరగుతో ఎత్తి ఎత్తి పోసింది.
చేతులకి జిగురు, తీపి వాసన,
రేపటికి పులిసిపోయే వాసన.
తెల్లారకముందే లేచి ఒక్కోటీ ఏరిన పూలు.
మేం వానని చూడ్డానికొచ్చినవాళ్లం.
ఆ మాట ఏ భాషలోనూ
ఆమెతో చెప్పాలనిపించలేదు.

సగం దక్కాయి. సగం
ఎర్రమట్టి నీళ్లతో పాటు కిందికి పోయాయి.
వాటివైపు ఆమె చూడలేదు.
గుడిసెలోకి పిలిచి, పొయ్యి ఎగదోసి,
అల్యూమినియం గిన్నెలో నల్లటి టీ కాచింది.
పాలు లేవు. బెల్లం ఉంది, పొగ ఉంది.
కుముదిని రెండు చేతులతో పట్టుకుని
చాలాసేపు తాగలేదు, వాసనే చూసింది.
తర్వాత తడిసిన కరెంటు బిల్లు తీసి
కళ్లకాటుక పెన్సిల్‌తో
అడుగు వరస కొట్టేసింది.

వెళ్తుంటే ముసలామె
మా తలల మీదికి అడ్డాకులు రెండు ఇచ్చింది.
ఆకు కింద తన మొహం పచ్చగా,
పాతికేళ్ల కిందట
కుట్టుమిషను వెనక చూసిన మొహంలా,
కాదు, అలా కాదు,
నేనెప్పుడూ చూడని మొహంలా ఉంది.

దుడుమకి దారి తెగింది.
జగన్నాథుడి గుడి తలుపులు మూసే వేళకి చేరాం.

బస్టాండులో అందరూ అడిగారు:
"దేవమాలి ఎలాగుంది?"
"ఉంది" అన్నాను.
తువ్వాలు మూడుసార్లు ఉతికినా తీపి పోలేదు,
దాంతోనే మెడ తుడుచుకుంటూ
మళ్లీ మొదలెట్టాను: లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ...
సెమిలిగుడ దగ్గర ఈమధ్య
గొంతు కాసేపు ఆగుతోంది.
డ్రైవరు హారన్ కొడుతున్నాడు.