తిప్పుకుంట నొక్కాలె

నాలుగు రోజుల సంది వెనక ఎడమ చక్రం
చీమిడిముక్కు పిల్లగాని తీరు
సన్నగ గీపెడుతున్నది.

అచ్చంపేటల ఈ కారుకు పేరున్నది, కప్ప.
నేలను కరుచుకొని ఉంటది, రెండే సీట్లు.
పాలమూరు బ్యాంకు వేలంల పాడుకొచ్చిన నాడు
"గడ్డిమోపు పట్టదు, గొర్రెపిల్ల పట్టదు,
మణెమ్మకేమన్న మతి చెడ్డదా" అన్నరు.
లింగాల రోడ్డు మీది స్పీడ్ బ్రేకరు
దాని కడుపు గీరని దినం లేదు.

డిపోల బస్సుల కింద పండుకొనేదే నా కొలువు.
అవి గాలి బ్రేకులు, బుస్సుమని నిట్టూర్చి ఆగుతయి.
ఇది వేరు. దీనికి నూనె కావాలె, ఓపిక కావాలె.

ఆదివారం, రేకుల షెడ్డు ముంగట
ముందు చక్రాలకు షాబాదు బండ ముక్కలు అడ్డం పెట్టి
చేయి బ్రేకు దించిన.
నట్లు నేల మీద ఉండంగనే వదులు చేసిన.
లేపినంక తిప్పితే చక్రమే తిరుగుతది.
మా మేస్త్రి బుచ్చయ్య అంటుండె,
"కోపమన్నది కాళ్లు నేల మీదున్నప్పుడే తీర్చుకోవాలె."

పక్కింటి మౌలాలి టార్చి పట్టిండు.
పదిహేడేండ్లు. పాలిటెక్నిక్.
నోరు తెరిస్తే బ్రేకు లేనోడు.
ఇయ్యాల మాట లేదు.

కాలిపర్ విప్పి తీగతోని స్ప్రింగుకు వేలాడదీసిన,
రబ్బరు పైపు మీద బరువు పడొద్దు.
పలకలు చేతులకొచ్చినయి.
బయటిది గోరంత మిగిలింది.
లోపలిది ఉత్త ఇనుము,
అంచు పొంటి నెమలిమెడ నీలం.
వాసన చూస్తే కాలిన కొమ్ము.

కుడి చక్రం విప్పిన. ఆడ గూడ అదే నీలం.
ఒక్క పక్కయితే జామయిందనుకుందును.
రెండు పక్కలా అంటే
చేయి బ్రేకు సగం ఎత్తి మరిచి
ఎవలో ఘాటు దిగిన్రు.
నేను మన్ననూరు దాటి యాడాదాయె.

అడగలే.

"ముందు చక్రాల పిస్టను నొక్కితే లోపలికి పోతది.
వెనకది పోదు మౌలాలీ.
బలిమి చేసేకొద్ది మొండికేస్తది.
రెండు గాట్లున్నయి సూడు,
అండ్ల పట్కారు మొనలు పెట్టి తిప్పుకుంట నొక్కాలె.
గడియారం ముల్లు తీరు.
పావు చుట్టు. ఆగు. మల్ల పావు."

వాడు టార్చి నాకిచ్చి తిప్పుతున్నడు.
బానెట్ కింద డబ్బాల నూనె పైకి లేస్తున్నది.
పొంగితే రంగు తింటది,
పశువుల సూదితోని గుంజి సీసల పోసిన.

పావు చుట్టు.
"అక్కా."
ఊఁ.
పావు.
"తాళం కొయ్యకే ఉండె."
పావు.
"నీకు నైటు డ్యూటీ. శ్రీశైలం గేట్లెత్తిన్రంటే పోయిన.
తిరుగొచ్చేటప్పుడు అడవి గేటు మూసిన్రు,
దోమలపెంటల తెల్లారేదాంక కార్లనే కూసున్న."
పావు.
"ఒక్కన్నే."
పిస్టను అడుగుదాంక పోయింది.

తిట్టు నోటికాడికొచ్చింది.
దాని వెనకాల్నే ఇంకో మాట దూరి ముందుగ బయటపడ్డది,
"ఎట్లుండెరా?"

"సప్పుడు ముందొస్తదక్కా.
నీళ్లు శానసేపటికి కనవడతయి."

కొత్త పలకలు కర్నూలు బస్సుల
డ్రైవరు సీటు కింద వచ్చినయి.
ఎడమవి నేను పెట్టిన, కుడివి వాడు.
నట్లు వరసగ కాదు, ఎదురెదురుగ బిగించిండు,
నేను చెప్పకముందే.

తొలి నొక్కుడు ఖాళీ.
చీకట్ల ఇంకో మెట్టున్నదనుకొని కాలేసినట్టు
పెడలు నేలదాంక పోయింది.
రెండోది సగం.
మూడోదానికి రాయి.

ఉప్పునుంతల రోడ్డు మీద
అరవై నుంచి ఇరవైకి, పూరా ఆపకుంట, పదిసార్లు,
కొత్త పలకకు పాత డిస్కుతోని పొత్తు కుదిరేదాంక.
నేను నడుపుతున్న, వాడు లెక్కపెడుతున్నడు.
ఏడుకు వాసనొచ్చింది.
"భయపడకు, ఇది మంచి వాసన."
ఎనిమిది.
తొమ్మిది.

వాడు చేయి బ్రేకు దిక్కు చూసిండు.
అది దించే ఉన్నది.
అయినా చెయ్యేసి, ఒకపాలి కిందికి ఒత్తి,
పది అన్నడు.