మూడు మిట్టలు

పీణ్య రెండో స్టేజిలో, కూలెంట్ వాసన ఇంకిన షెడ్డులో
ఏసీ గది ఒక్కటే. అది కెమెరా కోసం.
దాని పుణ్యాన నేనూ అందులోనే.

వెలుగు పలక మీద ఇత్తడి రింగు పెడతాను.
తెర మీద నల్లగా, నోరు తెరిచిన సున్నా.
దగ్గరికెళితే సున్నా ఉండదు,
మెట్లు, బూడిదరంగు మెట్లు,
మధ్యలో ఓ రజను ముక్క, ఓ నూనె చుక్క
అంచు నేనేనని అబద్ధమాడుతూ.

అప్పుడు వదులుతాను నలభై ఊహల్ని.
ఒక్కోదానికి ఒక కేంద్రం, ఒక వ్యాసార్ధం,
తన తప్పెంతో తనకే చెప్పే ఒక అంకె.
రేకుల కింది పావురాల్లా గుప్పున లేచి
అందరికన్నా తక్కువ తప్పున్నదాని వైపు మెడ తిప్పి,
తాము ఇందాక చూసిన మంచి చోటూ మరవలేక
ఆ రెంటి మధ్యా ఊగి, ఊగి
ఒక్కచోట వాలతాయి.
నా టీ ఇంకా చల్లారదు.

నలభై మిల్లీమీటర్లు, పైన రెండు మైక్రాన్లు.
పాస్.

కానీ నేను మిగిలినదాన్ని చూస్తాను.
వృత్తాన్ని తీసేశాక పడివుండే వంకర గీతని
వెయ్యి రెట్లు పెంచితే
మూడు మిట్టలు, సమానమైన ఎడంలో.

ఓబులేసు బోర్ గేజ్ పట్టుకొచ్చాడు.
"ఎట్ల తిప్పినా ఒకటే కొలత పాపా,
మీ కెమెరా కంటికి పొరొచ్చిండాది, చూపించుకో."
ఆయనది అబద్ధం కాదు.
మిట్టకి ఎదురుగా పల్లముంటే
రెండు కాళ్ల గేజ్‌కి ఏం తెలుస్తుంది?

తెర వైపు తిప్పాను.
చాలాసేపు చూశాడు.
తర్వాత కుడిచేతి మూడు వేళ్లు గాలిలో విప్పి
నెమ్మదిగా ముడిచాడు, లేత్ చక్ దవడల్లా.
"సన్న రింగు గదా. జారిపోతాదేమోనని
బాగా బిగిస్తి."

పట్టులో ఉన్నంతసేపూ అది గుండ్రమే.
వదిలాకే, ఊపిరి పీల్చుకున్నప్పుడే
ఎక్కడెక్కడ పట్టుకున్నారో చెప్పింది.
రిపోర్టులో ఆ గడి పేరు 'తప్పు'.
ఇంకో పేరు రాయడానికి చోటు లేదు.

భోజనాల బెల్లు మోగాక మళ్లీ వచ్చాడు,
స్టీలు టీ గ్లాసు పలక మీద బోర్లించాడు.
"దీనికీ చూడు."
నలభై పావురాలూ లేచాయి, వాలాయి.
కేంద్రం ఇచ్చింది. అడిగితే దేనికైనా ఇస్తుంది.
"సొట్ట ఎంత?"
"మిల్లీమీటరున్నర."
"అంతేనా! ఆపొద్దు మా ఇంటామె విసిరిన విసురుకి
ఇంకా ఎక్కువనుకుంటి" అని
గ్లాసు కడుక్కోను పోయాడు.

మధ్యాహ్నం లాటులో మిట్టలు సగమయ్యాయి.
పూర్తిగా పోలేదు.
స్టాంపు వేశాను.