కదలకుండ్రి

మిరుగం ఎల్లిన నాలుగో పొద్దు.
వడ్డేపల్లి చెరువు మత్తడి దుంకిందని
పాలాయన చెప్పకముందే నాకెరుకైంది.
ఎనుక గోడ తూముల నుంచి
నల్లటి తాంబేలొకటి
బట్టలుతికే బండ దాక అచ్చి కూసున్నది.
దాని ఎనుక ఇంకోటి.
ఆ ఎనుక, అరచేతిల పట్టేటంత చిన్నది.
పిల్లో, పరాయిదో,
తాంబేళ్లకు ఆ లెక్కలుండయట.

కాజీపేటల పెండ్లి ఫొటోలు తీసే సదానందం దగ్గర
ఆరు వేలకు కొన్న పాత కెమెరా,
మెడపట్టీ తెగిపోతే సుతిలి కట్టిన.
బోర్ల పండుకున్న.
చామాకుల మీది నీళ్లు ఈపున పడ్తున్నయి,
మోచేతులు బురదల దిగినయి.
మూరెడు దూరం. జానెడు దూరం.
ఫట్టుమని లోపటికి పోయింది తల.

మొదటి ఫొటో: ఒట్టి చిప్ప.
రెండోది: చిప్ప మీద నా నీడ.
మూడోది మస్తుగ అచ్చింది గని
అది బండ.

ఇరువై రెండేండ్ల సంది
పెద్ద దవాఖానల ఎక్స్‌రే గది నాది.
"ఊపిరి తీస్కో. పట్టు. కదలకు.
ఆఁ, ఇడువు."
రోజుకు తొంభై మందికి చెప్త.
ఏనుమాముల మిర్చి బస్తాలు మోసేటోళ్లు,
బండ్ల మీదికెళ్లి పడ్డ పోరగాండ్లు,
ఆఖరికి ఎమ్మెల్యే బామ్మర్ది సుత
ఇన్నరు నా మాట.
ఇది ఇనలే.

లోపటి ఎముకను బయటికి తీసి చూపే పని నాది.
ఎముకలన్ని బయటనే తొడుక్కున్నదాని ముందు
గిట్ల పండుకొని
ఏం చూపెడ్తనని?

పక్కింటి సారంగం గోడ మీదికెళ్లి తొంగి చూసి
"లచ్చిందేవి అచ్చిందక్కా!
బాయిల ఏస్తె నీళ్లు సాఫైతయి.
అద్దనుకుంటె నాకియ్యి" అన్నడు.
ఆయన ఏలికి వెండి తాంబేలుంగరం.
దాని తల ఎటు దిక్కుండాల్నో
ఎవలో చెప్తే అటే తిప్పుకొని తిరుగుతడు.
"ఇయ్యనీకి నాదేంది?" అన్న.

నాలుగో నాడు
ఊపిరి నేనే పట్టిన.
ఒకటి, రెండు, ఇరువై, ముప్పై.
చెవులల్ల నెత్తురు చప్పుడు.
ముందుగాల ముక్కు, సూది బెజ్జాలు రెండు.
ఆ తర్వాత ముడుతల మెడ.
ఇగ కన్ను.
అండ్ల మా గోడ, పచ్చ బకీటు,
తీగె మీద ఆరేసిన నా తెల్ల కోటు,
అన్ని ఆవగింజంత.
నొక్కిన.

రాత్రి పెద్దగ చేసి చూస్తే
నన్ను ఆపింది కన్ను కాదు.
చిప్ప ఎడమంచున ఒక గీత,
గీత పొంటి ఉబ్బెత్తు అతుకు.
ఆ గీత నాకు తెలుసు.
ఇరిగి, పక్కకు జరిగి, మల్ల అంటుకున్న ఎముక.
రెండు మూడేండ్లయి ఉంటది.
పూడిక తీసిన యేడు జేసీబీ పండ్లు తాకినయో,
కాలువ రోడ్డు మీద ఏ లారీనో.
చీటీ రాయించుకోకుంట
పుత్తూరు కట్టు లేకుంట
అంత బురదల
ఎవలకూ చూపెట్టకుంట అంటుకున్నది.

ఫొటో పంపమని సారంగం మూడు సార్లు అడిగిండు.
కెమెరాల చార్జింగు లేదని చెప్పిన.

తెల్లారి డ్యూటీ.
అయిదు కిలోల సీసపు కోటు తొడుక్కున్న,
గది నా చిప్ప.
పక్కబొక్కలు ఇరిగిన హమాలి,
చీటీల పేరు కొంరెల్లి,
బల్ల మీద ముడుసుకొని పండుకున్నడు,
మెడ భుజాలల్లకు గుంజుకొని.
రోజు చెప్పే మాట నోటి దాక అచ్చింది.
చెప్పలే.
అద్దం ఎనుక నిలవడ్డ.
బయట లైన్ల ఎవలో తిడ్తున్నరు, ఆలస్యమైతుందని.
గోళ్ల సందున నిన్నటి బురద.

జరసేపటికి ఆయన మెల్లగ
తల లేపి ఇటు చూసిండు.
"అయ్యిందా, అమ్మా?"

"కాలేదు" అన్న.
"గట్లనే ఉండ్రి.
కదలకుండ్రి."