వఫ్రా బడిలో కుర్చీల లెక్క

మా పక్క లెక్క అంటే దుడ్డు.
లెక్క కోసమే వచ్చినా కువైట్‌కు,
టమాటా తోటల నడాన ఉండే ఈ ఆడపిల్లల హైస్కూలుకు.
చేసేది మాత్రం ఇంకో లెక్క:
మధ్యాన్నం బస్సులు పోయినాక
కుర్చీలెత్తి బల్లల మింద బోర్లించడం.

పదో తరగతి ఇరవై రెండు.
పదకొండు సైన్సు పదిహేడు, ఆర్ట్సు తొమ్మిది.
పన్నెండు సైన్సు పద్నాలుగు.
నిరుడు ఇరవై ఉండె.
ఈజిప్టు టీచరమ్మల కాంట్రాక్టులు తెగితే
వాళ్ళ బిడ్డల కుర్చీలు స్టోరు రూముకు పోయినాయి.
మోసింది నేనే, చేతికొకటి.

పిల్లోళ్ళ మొగాలు సగమే ఎరిక నాకు,
కుర్చీల అడుగులు బాగా ఎరిక.
బబుల్‌గమ్ము ఎవరిదో, కాంపాసు మొనతో గీకిన పేరెవరిదో.
అరబ్బీ చదవలేను గానీ
ఒకే గీతలు మూడు కుర్చీల కింద ఉంటే
ఆ పిల్ల యాడా కుదురుకోలేదని అర్థమైతాది.

మా చిన్నమ్మి క్లాసులో అరవై నాలుగు మంది,
బెంచీకి నలుగురు.
అంచున కూచున్న పిల్ల ఒక కాలు బయట పెట్టుకోవాల.
చెప్తే జోర్డాను పిల్ల నైరూజ్ నోరు తెరిచింది:
"అందరినీ పేరు పెట్టి పిలుస్తారా?"
లేదు తల్లీ, నెంబరు పెట్టి.

మొన్న ఆదివారం ఇనస్పెక్టరమ్మ వచ్చింది.
పదిహేను లేకుంటే పన్నెండో తరగతిని
టౌన్లో పెద్ద బడిలో కలిపేస్తారని పుకారు.
హెస్సా వరండాలోకి ఉరికొచ్చి నా చెయ్యి పట్టింది.
"ఖాలా, రా. కూచో. పదిహేను."
కూచున్యా.
మోకాళ్ళ నడుమ మాపు కర్ర.
ఆరేండ్లు బోర్లించిన కుర్చీ
పైన ఇంత నున్నగా ఉంటాదని ఆ పొద్దే తెలిసింది.

ఆమె పెన్నుతో ఒక్కొక్కరినే చూపించుకుంటా వచ్చి
నా దగ్గర ఆగింది.
ఎవరో కిసుక్కుమన్యారు, ఆ తర్వాత అందరూ,
ఆమె కూడా.
నవ్వుకుంటానే పద్నాలుగు అని రాసుకుంది.

ఆ కుర్చీ ఇంకా కిటికీ పక్కనే ఉండాది.
స్టోరుకు పంపమని ఎవురూ చెప్పలా,
నేనూ అడగలా.
రోజూ బోర్లిస్తాండ. అడుగున ఒక్క గీత లేదు.
నిన్న కసువులో కాంపాసొకటి దొరికింది,
మొన వంకర పోలేదు.
జేబులో ఏసుకున్యా.